జూడీ కొంగున బిళ్ళ

తాయెత్తులు కట్టుకునేవాళ్లని చూస్తే డేవిడ్‌రాజ్‌కి ఒళ్లు మండేది. "ప్రభువు లేడా, ఏటా మూఢనమ్మకాలు?" అని తాముండే సెక్టర్ 2 కాలనీ అంతా వినపడేలా నిలదీసేవాడు. అంతటి విశ్వాసి, తాయెత్తు మెడకి కట్టుకోలేదు గానీ చొక్కాకి తగిలించుకున్నాడు.

అది పనిలో ఇచ్చిన బిళ్ళ. కాంట్రాక్టరు ఆదిశేషు దగ్గర అతని పని, గొట్టాల అతుకుల్ని గామా కిరణాలతో ఫొటో తీయడం. అతుకులో పగులుంటే ఫిల్ము మీద కనపడుతుంది. ఫొటో తీసేవాడి లోపలి పగుళ్ల సంగతి ఎవరికీ పట్టదు. చేరిన రోజున ఆదిశేషు ఆ బిళ్ళ చేతిలో పెట్టి, "ఇదుంటే నీకేటీ అవదురా" అన్నాడు. దాంతో శిక్షణ పూర్తయింది.

పెళ్లైన చాలా ఏళ్లకి అతని భార్య జూడీ నెల తప్పింది. కిరణాలు తన బట్టలకి అంటుకుని ఇంటికొస్తాయేమోనని డేవిడ్‌రాజ్‌కి బెంగ పట్టుకుంది. బిళ్ళ తీసి ఆమె కొంగుకి పెట్టాడు.

"మరి నీకో?" అంది జూడీ.

"నాదేటుంది, మొద్దు ఒళ్లు."

పిచ్చివాడే గానీ మనసు వెన్న. బిళ్ళ పరీక్షకి వెళ్లిన ప్రతిసారీ తగిలిన కిరణాలు సున్నా అని వచ్చేది. "చూశావా, ఎలా ఆపుతోందో!" అని మురిసిపోయేవాడు. ఆదిశేషు అంతకన్నా మురిసిపోయేవాడు. ఎందుకు సున్నా అని అడిగితే సున్నా పోతుందని అడగలేదు.

ఆ మధ్య కార్మికుల నెత్తురు పరీక్షించడానికి డాక్టర్ మేఘన వచ్చింది. డేవిడ్‌రాజ్‌ని కూర్చోబెట్టి చెప్పింది.

"భయ్యా, మీ కణాల్లో క్రోమోజోములు తెగి, తప్పుగా అతుక్కున్నాయి. కొంచెం కొంచెంగా తగిలిన కిరణాల గుర్తులవి. జబ్బు వస్తుందనీ చెప్పలేను, రాదనీ చెప్పలేను. ఈ పని మాత్రం మానాలి. కానీ మీ బిళ్ళ సున్నా అంటోందే?"

"మరి అది ఆపేసింది కదండి?"

"ఆపడమేంటి? అది లెక్కపెడుతుంది, అంతే."

తప్పు అతుకంటే డేవిడ్‌రాజ్‌కి ఎవరూ వివరించక్కర్లేదు. జూడీ కొంగు సంగతి చెప్పేశాడు. డాక్టర్ తల పట్టుకుంది. "కిరణాలు బట్టలకంటుకుని ఇంటికి రావు భయ్యా!"

"అయితే మా జూడీకేటీ లేదు కదా?" అని అడిగి, లేదనగానే వెక్కివెక్కి ఏడ్చాడు.

తనని వేరే పనికి మార్చమని ఆదిశేషుని బతిమాలాడు. "బిళ్ళ అబద్ధం ఆడదురా, నీ నెత్తుర్లోనే ఏదో తేడా" అన్నాడు ఆదిశేషు. పైగా భద్రతా దినోత్సవం నాడు, అందరికన్నా తక్కువ కిరణాలు తగిలినవాడని వేదికెక్కించి స్టీలు కారియరు బహుమతిచ్చాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బిళ్ళ ఇంట్లోనే కూర్చుని రచ్చ గెలిచింది.

డేవిడ్‌రాజ్ మైకందుకున్నాడు. "ఈ సున్నా నాది కాదండి, మా ఆడదానిది. బిళ్ళ దాని కొంగునుంది. నాకెంత తగిలిందో రాసినోడు లేడు."

జనం పడీపడీ నవ్వారు. ఆదిశేషు నవ్వలేదు. బిళ్ళ పెట్టుకోకుండా పని చేశాడన్న నేరానికి మర్నాడే అతన్ని తీసేశాడు.

రావలసిన జీతం కోసం వెళ్లిన రోజు, డేవిడ్‌రాజ్ ఆఫీసు గుమ్మంలో ఆగిపోయాడు. లోపల ఆదిశేషు కొత్తవాడి చొక్కాకి తన చేత్తోనే బిళ్ళ తగిలిస్తున్నాడు.

"ఇదుంటే నీకేటీ అవదురా."