రేకుల మీద బస్తాలు

ఆ ఏడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. రోజూ రావల్‌కోల్ నుంచి మేడ్చల్‌కు బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఇంట్లో నలుగురం: నాయిన, అమ్మ, అవ్వ, నేను. ముందరి మూడు గదులకు స్లాబు పడింది కానీ, వెనకాల అవ్వ గది మాత్రం పాత మట్టిగోడలతోనే మిగిలిపోయింది. పైన సిమెంటు రేకులు. పక్క గోడకు అవతల బర్రె కొట్టం. బర్రె కదిలితే తెలియాలని అవ్వ ఆ గది వదిలేది కాదు.

ముందరి గదుల్లో రెండింటిని కోస్తా నుంచి వచ్చిన భార్యాభర్తలకు అద్దెకిచ్చాం. ఆయన జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. తూంకుంటలో ప్లాటు కొని ఇల్లు కట్టుకుంటున్నారు. అది పూర్తయ్యేదాకా మా దగ్గర. ఆమెను నేను ఆంటీ అనేదాన్ని. పిల్లలు లేరు. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే నాకు టీ ఇచ్చేది ఆమే.

తుఫాను సంగతి మొదట చెప్పింది కూడా ఆమే. టీవీలో వార్తలు చూసి నేరుగా మా వాకిట్లోకి వచ్చింది. తీరం దాటి మన వైపే వస్తుందట, ఈదురుగాలులట అంది. నాయిన కూరగాయల గంప దించుతూ నవ్వాడు.

“సముద్రం ఏడున్నది, మనం ఏడున్నం? గీడిదాంక వచ్చేసరికి గాలి అలిసిపోతదమ్మా.”

ఆంటీ నవ్వలేదు. వెనక్కి వెళ్లి అవ్వ గది రేకులను చేత్తో నొక్కి చూసి వచ్చింది.

“అన్నయ్య గారూ, రెండు చోట్ల బోల్టులు ఊడిపోయాయండి. చిన్నప్పుడు మా ఊళ్లో తుఫానొస్తే రేకు లేచొచ్చి మా తమ్ముడి మెడకి తగిలింది. వాడికి ఆరేళ్లు. మీరు నన్ను పిచ్చిదనుకున్నా పర్లేదు, ఆ రేకులు కట్టించండి.”

నాయిన ముఖంలో నవ్వు పోయింది. “జేద్దాం తియ్యమ్మా,” అన్నాడు.

మర్నాడు నేను కాలేజీకి వెళ్లలేదు. మేము తుఫాను ఎరగని వాళ్లం. ఆంటీ చెప్పినట్టల్లా చేశాం. బిందెలు, డ్రమ్ములు నింపాం. పిడకలు తడవకుండా స్లాబు గదిలోకి చేర్చాం. అమ్మ అటుకులు, వేయించిన శనగలు డబ్బాలో పోసి పెట్టింది. పట్టాదారు పాస్‌బుక్కును నాయిన ప్లాస్టిక్ కవరులో చుట్టి గోడ అల్మారాలో పైఅరన దాచాడు. టార్చికి కొత్త సెల్లులు వేశాం. ఒక లాంతరు తుడిచి కిరసనాయిలు పోశాం.

మధ్యాహ్నం రేకుల పని పెట్టుకున్నాం. ఇనుప తీగతో రేకులను వాసాలకు కట్టాడు నాయిన. పక్కింటి వాళ్లు ఇల్లు కట్టడానికి పోయించుకున్న ఇసుకను అడిగి తెచ్చుకుని యూరియా బస్తాల్లోకి ఎత్తాం. ఆంటీ బస్తా మూతులు కుట్టింది. నిచ్చెన మీద నుంచి నాయిన అందిస్తుంటే, బరువు తక్కువని నేనే గోడ మీద కూర్చుని బస్తాలను సర్దాను. గాలి అంచు దగ్గరే రేకును లేపుతుందని, వెనక గోడ వెంబడి వరసగా పెట్టమంది ఆంటీ. అలాగే పెట్టాను. పదకొండు బస్తాలు.

అవ్వ మంచంలో కూర్చుని పైకి చూసి, “నా పెండ్లికి సుత గింత హడావుడి జెయ్యలే గదనే!” అంది. అందరం నవ్వాం.

గాలి రాలేదు. ఆ సాయంత్రం నుంచి వాన మాత్రం మొదలైంది. ఉరుము లేదు, మెరుపు లేదు, ఒక్కటే ధార. మర్నాడు పొద్దంతా అలాగే కురిసింది. కరెంటు పోయింది. అవ్వ గదిలో ఒక్క చుక్క కారలేదు. నాయిన రేకుల వంక చూసి ఆంటీని మెచ్చుకున్నాడు. ఆమె ఉల్లిపాయ పకోడీలు వేసి అందరికీ పెట్టింది. అంత భయపెట్టిన తుఫాను ఇదేనా అని నాకు కాస్త నిరాశ కూడా కలిగింది.

మా ఇంటి వెనక చేనును అంతకు ముందు వేసవిలోనే ఎవరో కొని లేఅవుటు చేశారు. మట్టి పోసి ఎత్తు పెంచారు. ఎప్పుడూ అటు పారిపోయే వాననీళ్లకు ఈసారి దారి లేదు. అవి మా వెనక గోడ మొదట్లో నిలబడ్డాయి. మేము రెండు రోజులూ పైకే చూస్తున్నాం. కిందికి ఎవరమూ చూడలేదు.

ఎవరమూ చూడలేదు అని రాశాను కానీ అది పూర్తిగా నిజం కాదు. రెండో రోజు సాయంత్రం నేను అన్నం పళ్లెం తీసుకెళ్తే అవ్వ అంది:

“బిడ్డా, గోడకెల్లి మట్టి రాలుతాందే. జర మీ నాయినకు జెప్పు.”

మంచం వెనకాల, గోడ వెంట దోసెడంత తడిమట్టి పడి ఉంది. చీపురు తెచ్చి ఊడ్చి, చేటలోకి ఎత్తి బయట పారేశాను. నాయినకు చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఊడ్చేసరికి గచ్చు శుభ్రంగా కనబడింది, ఆ విషయం నా మనసులోంచి పోయింది.

మూడో రోజు మధ్యాహ్నం మేమంతా ముందరి గదిలో తింటున్నాం. బర్రె ఒక్కసారి అరిచింది. వెంటనే వెనకాల ఏదో కుంగినట్టు, బరువైన చప్పుడు. నాయిన చేయి కూడా కడుక్కోకుండా పరుగెత్తాడు. గోడ లోపలికి కూలింది. వాసాలు, పగిలిన రేకులు, వాటి మీద నీళ్లు తాగి రాయిలా అయిన బస్తాలు, అన్నీ మంచం మీదే ఉన్నాయి. అవ్వ చేయి ఒకటి బయటికి కనబడుతోంది. వేళ్లు కదులుతున్నాయి.

బస్తాలు తియ్యడానికి అందరికంటే ముందు వంగింది ఆంటీ. ఒక్కొక్కటీ గుండెకు ఆనించుకుని లేపి పక్కకు పడేసింది. మోచేతులు గీరుకుపోయి నెత్తురు కారుతున్నా ఆగలేదు. ప్రతి బస్తాకూ, “అయ్యో, నేనే పెట్టించానండీ, నేనే పెట్టించానండీ,” అంటూనే ఉంది.

ట్రాక్టర్ మీద మేడ్చల్, అక్కణ్ణుంచి పట్నంలో పెద్దాసుపత్రి. తుంటి ఎముక నుజ్జయిందని, ఈ వయసులో అతకదని చెప్పారు. ఇరవై రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికే ఆంటీ వాళ్లు తమ గదులు ఖాళీ చేసి, ఇంకా తలుపులు కూడా బిగించని తూంకుంట ఇంటికి వెళ్లిపోయారు. అవ్వకు మంచి గది ఉండాలని.

వెళ్లేముందు ఆమె నాయిన కాళ్ల మీద పడబోయింది. నాయిన వెనక్కి జరిగాడు.

“ఏందమ్మా గిది, లే. నువ్వు గాలిని జూసినదానివి, గాలి సంగతి జెప్పినవ్. నీళ్లు ఎటు పోతున్నయో జూసుకోవాల్సింది మేము గదా. గిది మా ఊరు.”

అమ్మ లోపలే ఉంది. బయటికి రాలేదు.

అవ్వ ఎనిమిది నెలలు మంచంలో ఉంది. ఒళ్లు పుండ్లు పడింది. పుండ్లు నేనే కడిగేదాన్ని. మట్టి రాలిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్చిపోయిందో, నా కోసం దాచిందో తెలియదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఒకసారి కడుగుతుంటే నా మణికట్టు పట్టుకుని చాలాసేపు నా ముఖంలోకి చూసింది. మట్టి సంగతే ఎత్తుతుందనుకున్నాను. “సల్లటి నీళ్లు పొయ్యకే, పానం జివ్వుమంటాంది,” అంది.

ఎండాకాలంలో పోయింది. దినాల నాడు ఆంటీ వచ్చింది, గేటు దగ్గరే నిలబడింది. నాయిన వెళ్లి లోపలికి పిలుచుకొచ్చాడు. అమ్మ ఆమెకు చాప వేసింది, విస్తరి వేసింది, మాట మాత్రం వెయ్యలేదు. ఆమె అన్నం కలిపి రెండు ముద్దలు తిని లేచి వెళ్లిపోయింది. మళ్లీ మా ఇంటికి రాలేదు.

తర్వాత ఎన్నేళ్లు గడిచినా, వాన పట్టిందంటే అమ్మ ఒకటే మాట అనేది: “గామె మాట ఇనవట్టి మా అత్త పాయె. గా బస్తాలే సంపినయ్.” నాయిన ఉంటే కసిరేవాడు. నాయిన పోయాక కసిరేవాళ్లు లేరు. నేను పక్కనే బియ్యం ఏరుతూనో బట్టలు మడుస్తూనో ఉండేదాన్ని. వినేదాన్ని. ఒక్కసారైనా నోరు విప్పలేదు.