మెట్ల కింద జిప్పులావిడ పేరు

ప్రపంచంలో విమానాలు వేళకు ఎగురుతున్నాయంటే అది మా అమ్మమ్మ చలవే. నవ్వకండి. సూట్‌కేసు మూతపడనిదే మనిషి గడప దాటడు, మనుషులు గడప దాటనిదే విమానం నేల విడవదు. అలా తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయిన సూట్‌కేసుల చేత నోరు మూయించడమే ముప్పై ఒక్క ఏళ్ళుగా మా అమ్మమ్మ పని.

ఆవిడ కొలువు ఒక పాత భవనం బయటి మెట్ల కింద. నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఆవిడ నిలబడదు. ఒక బల్ల, ఆవిడకొకటి నాకొకటి రెండు స్టూళ్ళు, ఒక పటకారు, పళ్ళకు రుద్దడానికి కొవ్వొత్తి ముక్క, రన్నర్లు నింపిన పదకొండు బిస్కెట్ డబ్బాలు. జిప్పు మీద అటూ ఇటూ పరుగెత్తే ఇనప ముక్కనే రన్నర్ అంటారు. బోర్డు మాత్రం లేదు. పెట్టుకోమని ఎవరైనా అంటే, మనిషిని ఎదురుగా కనబడుతూనే ఉన్నాను, మళ్ళీ బోర్డెందుకనేది.

అలాంటి మనిషికి ఒక పొద్దున భవనం యజమాని కబురు పంపాడు. మెట్లు కూలగొట్టి లిఫ్టు పెడుతున్నారట, పది రోజుల్లో ఖాళీ చెయ్యాలట. వెనక వీధిలో రెండో అంతస్తులో గది దొరికింది. గాలీ వెలుతురూ బాగానే ఉన్నాయి. కానీ దారిన పోయేవాళ్ళకు ఆవిడ కనబడదు. ఇన్నేళ్ళ గిరాకీ అలవాటు కొద్దీ పాత చోటికే వచ్చి, ఉత్త గోడ చూసి, ఆవిడ పని మానేసిందనుకుని వెళ్ళిపోతుంది. ఆ రోజు అమ్మమ్మ ఒకే రన్నర్‌ని రెండుసార్లు తలకిందులుగా ఎక్కించింది. ఆ తప్పు ఆవిడ చెయ్యగా నేనెప్పుడూ చూడలేదు.

వెబ్‌సైట్ ఆలోచన పక్క కొట్లో జిరాక్స్ తీసే ఆయనది. జనం ఫోన్లో చూసుకుంటే కొత్త చోటు కనబడుతుందని, పేజీ తను తయారుచేసి పెడతానని, ముందు పేరొకటి తేల్చమని చెప్పాడు. లోకంలో ఒక పేరు ఒక్కరికే ఇస్తారట.

పేర్లంటే నాకు కొదవేంటి. చదువు ఎక్కడ ఆగినా ఊహ ఆగలేదు. నోటుబుక్కులో ఏడు పేర్లు రాసుకొచ్చి మొదటిది చదివాను: అంతర్జాతీయ జిప్పుల ఆసుపత్రి.

"అయితే నువ్వెవరివే అందులో, రోగివా?" అంది అమ్మమ్మ.

రెండోది జిప్పుల మహారాణి. ఆవిడ విననట్టు దగ్గింది. మిగతావి ఒక్కొక్కటే జిరాక్స్ ఆయన కంప్యూటర్లో కొట్టి చూశాడు. పొట్టిగా బాగున్నవన్నీ ఎవరో ఒకరు ముందే తీసేసుకున్నారు.

దాంతో అమ్మమ్మకు కుతూహలం పుట్టింది. పటకారు బల్ల మీద పెట్టి, వంగి బయటికొచ్చి, జిరాక్స్ కొట్లోకి నడిచింది. పని వేళ ఆవిడ స్టూలు దిగడమే ఒక వింత. ఆ తీసుకున్నవాడు ఏం చేస్తున్నాడో చూపించమంది. ఆయన తెరిచాడు. ఖాళీ పేజీ, ఈ పేరు అమ్మబడును అని ఒక్క ముక్క.

"కొట్టు లేకుండా ఉత్త బోర్డు పట్టుకుని కూర్చున్నాడా?" అంది, కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా.

ఇక ప్రశ్నల మీద ప్రశ్నలు. పేరు ఒకసారి తీసుకుంటే ఎప్పటికీ మనదేనా? కాదు, ఏడాదికింతని కట్టాలి. అంటే పేరుక్కూడా అద్దేనా? కట్టడం మర్చిపోతే? ఆ పేర్లన్నీ ఎవరి దగ్గరుంటాయి, ఏ బీరువాలో పెడతారు? జవాబులు చెబుతూ ఆయన మెషీన్లో మూడు కాగితాలు ఇరికించుకున్నాడు. నాలుగోది ఇరుక్కునే వేళకు ఆవిడ అసలు ప్రశ్న అడిగింది.

"సరేగానీ, జనం నన్ను ఏమంటారు?"

నాకు ఆవిడ అమ్మమ్మ, ఆయనకు పిన్నిగారు. బయటివాళ్ళు ఏమంటారో ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరికీ తెలుసుకునే పని పడలేదు. ఉపాయం ఆవిడకే తట్టింది. సంచీ అయిందా అని అడగడానికి అందరి ఫోన్లలోనూ ఆవిడ నంబరుంటుంది. మరి ఏ పేరుతో దాచుకున్నారు?

తర్వాతి మూడు రోజులు ఎవరొచ్చినా ఫోన్ తెరిచి ఆ పేరు చూపిస్తేనే సంచీ చేతికిచ్చింది. నేను రాసుకున్నాను. జిమ్ముకెళ్ళే అతని దగ్గర జిప్పు ఆంటీ. పోస్ట్‌మ్యాన్ దగ్గర బ్యాగు బామ్మ. అరవై మూడేళ్ళకే బామ్మనా అని ఆవిడ కాసేపు ముఖం ముడుచుకుంది. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఫోన్ వెనక్కి దాచుకుంది. బతిమాలగా బతిమాలగా చూపించింది. తిట్టే ఆవిడ అని ఉంది.

అమ్మమ్మ దాన్ని తేరిపార చూసింది. "నిన్నెప్పుడు తిట్టాను?"

"ఎప్పుడొచ్చినా తిడతారు కదండీ, సంచీలో ఇల్లంతా కుక్కానని."

"కుక్కావు కాబట్టే," అని సంచీ ఇచ్చేసింది.

మొత్తం నలభై రెండు మంది. అందులో ముప్పై మంది ఫోన్లలో మెట్ల కింద అనే మాట ఉంది. మెట్ల కింద జిప్పు, మెట్ల కింద ఆంటీ, ఉత్త మెట్ల కింద. అది వినగానే జిరాక్స్ ఆయన తల గోక్కున్నాడు. మెట్లే పోతుంటే, ఆవిడ వెళ్ళి రెండో అంతస్తులో కూర్చుంటుంటే, ఆ పేరు పెట్టడం పచ్చి అబద్ధం కదా అన్నాడు. నేను మళ్ళీ మహారాణిని బయటికి తీశాను.

అమ్మమ్మ చేతిలో అప్పుడొక బడి సంచీ ఉంది. లాగిన ప్రతిసారీ రన్నర్ వెనకే జిప్పు విచ్చుకుంటోంది. ఎవరో దర్జీ జిప్పు మొత్తం పీకి కొత్తది కుట్టాలన్నాడట. అమ్మమ్మ బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివరకు పళ్ళన్నీ తడిమింది. ఒక్కటీ ఊడలేదు. పటకారుతో పాత రన్నర్ తీసి, డబ్బాలోంచి ఇంకొకటి ఎక్కించి, ఎప్పట్లాగే ఇరవైసార్లు తెరిచి మూసింది. తర్వాత తలెత్తింది.

"పళ్ళు గట్టిగా ఉంటే నేను జిప్పు పీకను. ముప్పై మంది నోట్లో కుదురుగా కూర్చున్న పేరిది, దీన్నెందుకు పీకడం? మారింది చోటేగా. చోటొక్కటి మార్చి రాయండి."

జిరాక్స్ ఆయన మెట్లకింద డాట్ కామ్ అని కొట్టాడు. ఎవరూ తీసుకోలేదని తేలింది. "ఒక్కరూ తీసుకోలేదా?" అని అమ్మమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా. పేజీలో మొదటి మాటలు తనే చెప్పి రాయించింది: మెట్లు పోయాయి. నేను వెనక వీధిలో, రెండో అంతస్తులో ఉన్నాను. సంచీ ఖాళీ చేసి తీసుకురండి.

కొత్త గదిలో మొదటి రోజు మధ్యాహ్నం దాకా పిట్ట మనిషి రాలేదు. ఆవిడ డబ్బాలన్నీ తుడిచింది, మళ్ళీ తుడిచింది. రన్నర్లను నంబర్ల వారీగా ఏరి, కలిపేసి, మళ్ళీ ఏరింది. కిటికీలోంచి వీధిలోకి చూడటం లేదన్నట్టు చూసింది. అప్పుడు మెట్ల మీద ఏదో బరువైనది మెట్టు మెట్టుకూ కొట్టుకుంటూ పైకొస్తున్న చప్పుడైంది.

బ్యాంకావిడ. చేతిలో నోరు తెరిచిన ఎర్ర సూట్‌కేసు, ఇంకో చేతిలో ఫోన్. పాత చోట ఇటుకల కుప్ప చూసిందట, నేరుగా ఫోన్ చేస్తే తిడతారని అక్కడే నిలబడి ఫోన్లో మెట్ల కింద జిప్పు అని కొడితే ఈ అడ్రసు వచ్చిందట. ఆయాసం తీరాక నవ్వింది. "ఇంత ఎత్తున కూర్చుని మెట్ల కింద అంటారేంటండీ? ఎవరు పెట్టారు ఈ పేరు?"

నేను ఛాతీ పొంగించి, నేనేనండీ అన్నాను.

అమ్మమ్మ సూట్‌కేసు మీంచి కళ్ళెత్తలేదు. "నువ్వు పెట్టలేదు, వీళ్ళు పెట్టారు. నువ్వు చేసిందల్లా స్టూలెక్కి కూర్చోవడం. లే, ఆవిణ్ణి కూర్చోనీ."