పిన్ని జిగ్గు, హీరో ముద్దు

మా డీలియా పిన్నితో సినిమాకు వెళ్లడమంత తలవంపుల పని ఇంకోటి లేదు. జిగ్గులు, రీళ్లు అని మా ఐర్లండులో డాన్సు బాణీలు వందలున్నాయి. ఎన్నిస్ తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్లు జిగ్గు తాళంలోనే ముద్రలు కొట్టిన పిన్నికి అన్నీ కంఠతా వచ్చు. తెరమీద ఎవరైనా గెంతితే చాలు, చీకట్లో కేకేసేది.

"వందేళ్లకు ముందటి కరువు కథట! ఈ రీలు బాణీ కట్టినోడు నిన్న సంతలో కనబడ్డాడు!"

హాలంతా నవ్వేది. నేను సీట్లోకి కూరుకుపోయేదాన్ని.

అసలు ఆవిడ వెతుకుతున్నది మా తాత కాన్సర్టీనా మీద, అదే చేతుల్లో ఇమిడే చిన్న తిత్తి పెట్టె మీద, వాయించిన ఒక జిగ్గు. దానికి పేరు లేదు. మొదటి భాగం పిన్నికి వచ్చు, రెండోది తాతతోనే పోయింది. "రేపు నేర్చుకుంటాలే నాన్నా" అని డాన్సుకు పరిగెత్తినప్పుడు పిన్నికి పదిహేడేళ్లు. ఆ వారమే తాత పోయాడు. ఆ మాట ఆవిడను నలభై ఏళ్లు కాల్చింది. కూలికి ఇంగ్లండంతా తిరిగిన మనిషి కదా, ఎక్కడో ఎవరికో నేర్పే ఉంటాడని, అది ఏదో సినిమాలో వినబడకపోదని ఆశ. అందుకే ఐర్లండు పేరు వినబడిన ప్రతి సినిమాకూ బయల్దేరేది.

పోయిన నవంబరులో ఒక ఆదివారం మ్యాట్నీకి వెళ్లాం. తెరమీద పెళ్లి జరుగుతోంది. ఫిడేలు మొదలైంది. పిన్ని నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఒసే నోరీన్, నాన్నదేనే!"

మొదటి భాగం రెండుసార్లు వినిపించింది. సరిగ్గా రెండోది ఎత్తుకునే వేళకు హీరో నోరు తెరిచాడు. ప్రేమట, సముద్రమట, వాడి బొంద! ఫిడేలు ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

"నోర్ముయ్యరా వెధవా!" పిన్ని లేచి నిలబడింది. కళ్లనిండా నీళ్లు. "పోయిందే తల్లీ, మళ్లీ పోయింది."

"కూర్చో పిన్నీ! ఏ భాగమైనా రెండేసి సార్లు వాయించేదే కదా, ఇంకోసారి ఉంది!"

హీరోకి ఏం బుద్ధి పుట్టిందో, మాటలాపి పిల్లను ముద్దు పెట్టుకున్నాడు. ఇక ఫిడేలు ఒక్కటే మిగిలింది. ముద్దు సీను రాగానే శిలువ గుర్తు వేసుకునే మా పిన్ని "వదలకురా నాయనా, వదలకు!" అని బతిమాలుతోంది. ఆ భాగం పూర్తయ్యేదాకా వాడూ వదల్లేదు. దేవుడు వాణ్ణి చల్లగా చూడాలి.

తక్కిన సినిమా ఎవరికి కావాలి? పిన్ని రెండు చెవులూ మూసుకుని, కూనిరాగం తీస్తూ మావాళ్లు కూడి వాయించుకునే పబ్బుదాకా నడిచింది. దారిలో నన్ను నోరెత్తనివ్వలేదు. అక్కడున్న కాన్సర్టీనా అందుకుని జిగ్గు మొత్తం వాయించింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పబ్బంతా కాళ్లతో తాళం వేసింది. నేను నవ్వుతూ ఏడ్చాను.

కొత్త బాణీ వింటే మావాళ్లు పేరు అడగరు. ఫ్లూటు వాయించే ముసలి జార్లత్ కూడా అందరూ అడిగేదే అడిగాడు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావే డీలియా?"

సినిమా సంగతి చెబుదామని నేను నోరు తెరిచాను. పిన్ని నన్ను మోచేత్తో పొడిచింది.

"మా నాన్న దగ్గర," అంది. "ఇవాళే నేర్చుకున్నా."