మూలకు జరిగిన తిమింగలాలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పళ్ళాయన అనేవారు. ఆ పేరు విని, అరటిపళ్ళో బత్తాయిలో అమ్ముతాడు కాబోలనుకుని ఆయన గుమ్మం ముందు సంచీ పట్టుకుని నిలబడ్డ కొత్తవాళ్ళు కూడా ఉన్నారు. నిజానికి ఆయన చేసేవి కట్టుడు పళ్ళు. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు తీర్చి, ఎవరి మొహానికి తగ్గ పళ్ళు వాళ్ళకు కూర్చి పంపడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. మాట తక్కువ. ఎవరైనా ఎదురుపడి నవ్వితే ముందు పళ్ళు చూసేవాడు, ఆ తర్వాతే మనిషిని గుర్తుపట్టేవాడు.

ఆయనకు సముద్రజీవుల బొమ్మల పిచ్చి పట్టింది కూడా పళ్ళ వల్లే. ఒకసారి ఒక డాక్టరు గారి దగ్గర, పిల్లలు ఏడవకుండా పెట్టిన ప్లాస్టిక్ సొరచేప ఆయన కంటబడింది. నోటినిండా పైనా కిందా ఒకే రకం పళ్ళు, రంపం ముక్కలు అతికించినట్టు. ఆయనకు ఒళ్ళు మండింది. వారం రోజులు పుస్తకాలు తిరగేసి, తెల్లసొరకు పై పళ్ళు వెడల్పాటి ముక్కోణాలనీ, కింది పళ్ళు సన్ననివనీ తెలుసుకున్నాడు. అలా సరిగ్గా చేసిన బొమ్మ కోసం ఎనిమిది నెలలు వెతికి కొన్నాడు. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ సొర పక్కన తిమింగలం లేకపోతే వెలితిగా కనిపించింది. తిమింగలం వచ్చాక డాల్ఫిన్, ఆ తర్వాత తాబేలు, సీల్, ముఖాన మెలికల ఈటెలా ఒకే పన్ను పొడుచుకొచ్చిన ధ్రువపు తిమింగలం. యాభై రెండో ఏడు వచ్చేసరికి మూడు వందల నలభై బొమ్మలయ్యాయి.

పిల్లలాటల బొమ్మలని ఎవరైనా అంటే మొహం ముడుచుకునేవాడు. సొరకు మొప్పల చీలికలు ఐదుండాలి. చేప తోక నిలువుగా, తిమింగలం తోక అడ్డంగా ఉండాలి. స్పెర్మ్ తిమింగలానికి ఊపిరి రంధ్రం తల మధ్యలో పెట్టిన కంపెనీకి మూడు పేజీల ఉత్తరం రాశాడు. అది ఎడమ పక్కన ఉండాలట. అంత చేసీ సముద్రాన్ని జీవితంలో రెండుసార్లే చూశాడు. రెండుసార్లూ కళ్ళజోడుకు ఉప్పు పట్టిందని విసుక్కుంటూ తిరిగొచ్చాడు.

ఉండేది నాలుగంతస్తుల పాత ఇంట్లో, రెండో అంతస్తులో. తోడు అక్క ఒక్కతే. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైంది. మోకాళ్ళు పోయి, మెట్లు దిగడమంటే ఆవిడకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది. మధ్య గదిలో గోడ పొడవునా గాజు అరలు. వాటిమీద బొమ్మలన్నీ వరసగా, మూతులు కిటికీ వైపు, ఒకదానికొకటి నాలుగు వేళ్ళ దూరంలో. వాటి దుమ్ము ఆయనే తుడిచేవాడు, మేకప్ బ్రష్‌తో. "నా తమ్ముడికి పెళ్ళాం లేదుగానీ మూడొందల నలభైమంది పిల్లలు. ఒక్కడూ అన్నం అడగడు, ఒక్కడూ బడికి పోడు," అనేది అక్క వచ్చినవాళ్ళతో.

ఒక సోమవారం పొద్దున ఆయన అర ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. నీలి తిమింగలం తోక పక్కనున్న సొర ముక్కుకు తగులుతోంది.

"అక్కా, వీటిని ముట్టుకున్నావా?"

"నేనెందుకు ముట్టుకుంటానురా? నీ చేపలు తప్ప నాకు వేరే పనిలేదా?"

"మరి ఇది ఎలా జరిగింది?"

"ఈదుకుంటూ పోయిందేమో."

ఆయన నవ్వలేదు. అన్నీ మళ్ళీ సర్దాడు. ఈసారి స్కేలు పెట్టి, ఒక్కొక్క దాని కింద గాజుమీద పెన్సిలుతో సన్నగా గీత గీశాడు. మంగళవారం పొద్దున చూస్తే రబ్బరు బొమ్మలు గీతమీదే ఉన్నాయి. గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి, నున్నటి పొట్టలున్నవి, గీత దాటి జరిగాయి. కొన్ని గోరంత, కొన్ని వేలెడు. తలా ఒక దిక్కుకు కాదు, అన్నీ వీధి మూల వైపే.

కింది రెండు కొట్లలో పది రోజులుగా పగలంతా డ్రిల్లింగు మిషను మోగుతోంది. ఇంటి ఓనరు ఆ రెండు కొట్లనూ ఒకటి చేసి ఫర్నిచరు షోరూముకు ఇస్తున్నాడు. ఆ అదురుకు జరిగి ఉంటాయని మొదట అనుకున్నాడు. కానీ అదురుకైతే కొన్ని ఇటూ కొన్ని అటూ పోవాలి కదా! అరలోంచి తీసి స్పెర్మ్ తిమింగలాన్ని నేలమీద, నున్నటి పలక మీద పెట్టాడు. కింద మిషను మోగుతున్నంతసేపూ అది మెల్లగా, ఎవరో పిలుస్తున్నట్టు, తల తిప్పి మూలకు జరిగింది.

ఆ మూలలో కిటికీ కింద గోడమీద వెంట్రుకంత పగులు. ఇదివరకు ఉందో లేదో అక్కకూ గుర్తులేదు. పనిగదిలోంచి పళ్ళ అచ్చుల ప్లాస్టర్ తెచ్చి, ఆ పగులుకు అడ్డంగా రూపాయి బిళ్ళంత పట్టీ వేసి, దానిమీద తేదీ రాశాడు. ఆ ప్లాస్టర్ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఆరాక సాగదు, వంగదు. విరగడమే.

గురువారానికి అది నిట్టనిలువునా విరిగింది.

ఆయన కిందికి దిగి తాపీమేస్త్రి దగ్గరకు వెళ్ళాడు. మేస్త్రి పనిమీద లేడు. ఇసుక కుప్పమీద కూర్చుని ఉన్నాడు. షట్టరు వెడల్పు కావాలని మూల స్తంభాన్ని ఒక పక్కంతా చెక్కేశారు. లోపలి ఇనుము తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉంది.

"ఇది ఇలా చెక్కొచ్చా?" అడిగాడు పళ్ళాయన.

మేస్త్రి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెక్కకూడదని నేనూ చెప్పాను సార్. వినలేదు. నిన్న ఉలి పెడితే కాంక్రీటు బెల్లంలా రాలింది. మధ్యాహ్నం లోపల ఏదో టప్‌మని విరిగిన చప్పుడు కూడా అయింది. రేపట్నించి నేను రాను. మీరు కూడా..." అని ఆగిపోయాడు.

అదే రోజు ఓనరుకు ఫోన్ చేశాడు.

"ఎవరు చెప్పారు మీకు ఇల్లు ఒరుగుతోందని?"

"గోడ పగిలింది. నా బొమ్మలు కూడా జరుగుతున్నాయండీ."

అవతలివైపు పగలబడి నవ్వు. "బొమ్మలు చెప్పాయా? ఇంకేం చెప్పాయి? అద్దె పెంచమన్నాయా?" అని ఫోను పెట్టేశాడు.

శుక్రవారం మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి, విరిగిన ప్లాస్టర్ ముక్కలు టేబులు మీద పెట్టాడు. గుమాస్తా వాటిని వేలితో తాకి చూసి, అర్జీ తీసుకుని ముద్ర వేశాడు. ఇంజనీరు క్యాంపులో ఉన్నాడు, బుధవారం వస్తాడు. "అప్పటిదాకా ఆగుతుంది లెండి, నలభై ఏళ్ళ ఇల్లు," అన్నాడు.

ఆ సాయంత్రం పై అంతస్తులో ఉండే రిటైరైన బస్సు కండక్టరునూ, కింద మొదటి అంతస్తులో ఉండే టైలరమ్మనూ తన గదికి పిలిచాడు. ఇరవై ఏళ్ళలో ఆయన ఎవరినీ ఇంట్లోకి పిలవడం అదే మొదలు. ఏం చెప్పాలో తెలియక స్పెర్మ్ తిమింగలాన్ని నేలమీద పెట్టాడు. కింద పని ఆగిపోయింది, డ్రిల్లింగు మిషను మోగడం లేదు. అయినా అది జరిగింది. ఎవరూ ముట్టుకోకుండానే జానెడు దూరం పోయి, గోడకు మూతి ఆనించి ఆగింది.

టైలరమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కండక్టరు లేచాడు. "టిక్కెట్టు ఉన్నా దిగాల్సిందే," అన్నాడు. అలవాటైన జోకే గానీ, అంటూనే చెప్పులు వెతుక్కున్నాడు. రేపు పొద్దున్నే భార్యను తీసుకుని తమ్ముడింటికి పోతానన్నాడు. టైలరమ్మ మాత్రం, "బడి యూనిఫారాలు అరవై జతలు మిషను మీదున్నాయి అన్నయ్యగారూ, సోమవారం పోతాను," అంది.

శనివారం తెల్లవారకముందే కండక్టరూ భార్యా వెళ్ళిపోయారు. పొద్దున పళ్ళాయన ఇంట్లో స్నానాలగది తలుపు తెరుచుకోలేదు. లోపల అక్క. భుజంతో మూడుసార్లు గుద్దితే గానీ రాలేదు. తలుపు ఊడి రాగానే పై దూలం దగ్గర్నుంచి సున్నం పొడి అక్క తలమీద రాలింది.

"పద," అన్నాడు.

"మెట్లు దిగలేనురా. నాలుగు రోజులాగితే ఆ ఇంజనీరు..."

"అక్కా, పద!"

ఎన్నడూ గొంతెత్తని తమ్ముడు అరిచేసరికి ఆవిడ చెప్పులు వేసుకుంది. ఆయన బొమ్మల వైపు చూడలేదు. చూస్తే ఏదో ఒకటి తీయబుద్ధవుతుంది, ఏది తీయాలో తేలదు. అక్కను భుజాన ఆనించుకుని, ఒక్కొక్క మెట్టూ దింపుకుంటూ వచ్చాడు. మొదటి అంతస్తులో టైలరమ్మ తలుపు దబదబా బాది, ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. ఆవిడ మెడలో టేపు, వేలికి తొడుగు అలాగే ఉన్నాయి.

కింది మలుపులో ఎవరో కొత్త మేస్త్రీ, వెంట ఒక కూలీ, చేతుల్లోని అన్నం క్యారియర్లు మెట్ల దగ్గర పెట్టుకోవడానికి లోపలికి వస్తూ ఎదురుపడ్డారు. పాతాయన మానేశాడని ఓనరు వీళ్ళను పంపాడు. మెట్లు ఇరుకు. మేస్త్రి గోడకు ఒదిగి దారి ఇచ్చాడు. అక్క చెప్పు ఒకటి జారితే వంగి తీసి తొడిగాడు కూడా. "మెల్లగా అమ్మా, మెట్టు చూసుకోండి," అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి మొదట ఇంటి మూల కూలబడింది, దాని వెనకే ఇల్లంతా. పెద్ద చప్పుడేమీ కాలేదని వీధిలోవాళ్ళు చెప్పుకున్నారు. ఎవరో బరువుగా నిట్టూర్చినట్టు అయిందట. ఆ తర్వాత దుమ్ము. కూలీ టీకి వెళ్ళి బతికాడు. మేస్త్రి శవాన్ని సాయంత్రానికి తీశారు.

కండక్టరు ఫోన్ చేసి ఏడ్చాడు. పేపరువాళ్ళు వచ్చి, తిమింగలాలు కాపాడిన కుటుంబాలు అని రాసుకుపోయారు. ఓనరును అరెస్టు చేశారు. నెల తిరక్కుండా బెయిలు మీద వచ్చాడు. శిథిలాలు ఎత్తేటప్పుడు చిన్నా పెద్దా డెబ్బై బొమ్మలు దొరికితే పనివాళ్ళు గోనెసంచిలో వేసి పళ్ళాయనకు కబురు పెట్టారు. ఆయన వెళ్ళి చూశాడు. తోకలు విరిగినవి, రెక్కలు ఊడినవి. వీధిలో పిల్లలు అప్పటికే కొన్ని పట్టుకుపోయి బురదగుంటలో ఈదిస్తున్నారు. మిగతావి కూడా వాళ్ళకే ఇచ్చేయమన్నాడు. మళ్ళీ ఒక్కటి కొనలేదు. ఒక కింది వాటా చూసుకుని అక్కతో అందులో చేరాడు.

రెండు నెలల తర్వాత, ఆయన ఇప్పుడు పనిచేస్తున్న పళ్ళ ల్యాబుకు ఒకామె వచ్చింది. పళ్ళ కోసం కాదు. స్టూలు చూపిస్తే కూర్చుంది.

"మీరేనా పళ్ళాయన?"

"అవునమ్మా."

"ఇల్లు పడుతుందని మీకు ముందే తెలుసటగా."

ఆమె ఎవరో ఆయనకు అప్పుడర్థమైంది. చేతిలోని మైనం కత్తి కింద పెట్టాడు. "తెలుసమ్మా."

"ఆ పొద్దున మా ఆయన మీకు ఎదురొచ్చాడని టైలరమ్మ చెప్పింది."

"వచ్చాడు. మా అక్క చెప్పు తొడిగాడు."

"మరి మీరేం చెప్పలేదా?"

చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. అక్క బరువంతా భుజం మీద ఉంది. మెట్లు ఇరుకు. పాత మేస్త్రి చెప్పే ఉంటాడని అనుకోవచ్చు. ఇవన్నీ ఆయన రెండు నెలలుగా తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.

"లేదమ్మా. నాకు తోచలేదు," అన్నాడు.

ఆమె తిట్టలేదు. ఎదురుగా వరసగా ఆరబెట్టిన ప్లాస్టర్ దవడలకేసి కాసేపు చూసింది. "ఏమన్నా అన్నాడా?" అని అడిగింది.

"మెల్లగా, మెట్టు చూసుకోండి అన్నాడు."

ఆమె తలూపి, కొంగు బిగించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పళ్ళాయన విచారణ జరిగే ఆఫీసుకు వెళ్ళాడు. ఎవరూ పిలవలేదు, ఆయన వాంగ్మూలం ఇదివరకే తీసుకున్నారు. ఇంకో మాట రాయించాలన్నాడు. మెట్ల మలుపులో మేస్త్రి ఎదురైనదీ, తాను చెప్పకుండా దిగిపోయినదీ మొత్తం చెప్పాడు.

రాసుకునే గుమాస్తా కలం ఆపాడు. "ఇది కేసుకు అక్కర్లేదండీ. మీ తప్పేం లేదు."

"రాయండి," అన్నాడు పళ్ళాయన.