మరచెంబులో శాకరిన్ నీళ్ళు

ఎనభైల మొదట్లో, మదనపల్లె కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు, నేను పరుగు పందేలకు పోయేదాన్ని. వంద మీటర్లు. చౌడేపల్లె పక్కన మా ఊళ్ళో వయసొచ్చిన ఆడపిల్ల పరిగెత్తాలంటే వెనక ఎద్దన్నా తరుముతుండాలి, ముందు బస్సన్నా పోతుండాలి. ఊరికే పరిగెత్తడమేమిటని మా నాయన మొహం ముడుచుకుని తిరిగేవాడు. ఏ రోజు మాన్పించేస్తాడో అని భయపడుతూనే పోయేదాన్ని.

ఆయన మనసు మార్చింది గ్లూకోజు. పరుగుకు ముందు గ్లూకోజు నీళ్ళు తాగాలని మా డ్రిల్లు మేడమ్ చెప్పిన మాట ఒకసారి ఇంట్లో అన్నాను. మేత సంగతి వచ్చేసరికి మా నాయన చెవులు నిక్కాయి. పుట్టినప్పటి నుంచి ఆవుల మధ్య పెరిగిన మనిషి. ఏ జీవానికి ఏం పెడితే ఏమవుతుందో తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. పుంగనూరు మందుల షాపులో డబ్బా ధర విని వెంటనే బయటికొచ్చాడు. పక్కనే పుల్లైసు చేసేవాడి దగ్గర, వాళ్ళు చక్కెర బదులు వేసే శాకరిన్ పొట్లం తెచ్చాడు.

"ఒగ సిటికేస్తే బిందెడు నీళ్ళు తియ్యగయితాయంట. ఇంత తీపుంటే బలమెంతుంటాదో సూడు" అన్నాడు.

శాకరిన్‌లో తీపి తప్ప ఇంకేమీ లేదని, ఒంటికి పిసరంత బలం కూడా ఇవ్వదని మేడమ్ నాకు చెప్పింది. నేను నాయనకు చెప్పలేదు. ఆ నీళ్ళు కలిపే పని చేతిలో ఉన్నంత కాలం ఆయన నా పరుగు మాన్పించడు.

చిటికె అంటే, పశువులకు ఉప్పు వేసి అలవాటైన చేతి చిటికె. నిమ్మకాయ పిండి, మరచెంబులో గిలకొట్టి ఇచ్చేవాడు. మొదట తీపి, తర్వాత చేదు, ఆ తర్వాత ఇనుప మేకు చప్పరించినట్టు. ఆయన చెయ్యి తగిలిన వస్తువల్లా తియ్యనైపోయింది. ఉప్పు జాడీ, ఊరగాయ, చివరికి సంగటి కూడా.

"యోవ్, సెయ్యి కడుక్కోని పొయ్యికాడికి రా. బిడ్డ పరిగెత్తాదని ఇంటికంతా తీపి పెడ్తావా" అని మా అమ్మ కసిరేది.

కుప్పంలో పెద్ద పోటీలు వచ్చాయి. ఆ రోజు ఈనబోయే ఆవుకు దాణా పెంచినట్టు ఆయన పొట్లంలో మిగిలిందంతా వేశాడు. మరచెంబు ఒళ్ళో పెట్టుకుని నాతోపాటే బస్సెక్కాడు. నేను గీత దగ్గర నిలబడ్డాక కూడా వదల్లేదు. "ఇంగొక్క గుక్క తాగుమ్మా" అని నోట్లో పోసి పక్కకు జరిగాడు. మింగేలోపు విజిలు పడింది.

మింగితే వాంతయ్యేట్టుంది. ఉమ్మేద్దామంటే ఆయన కళ్ళార్పకుండా చూస్తున్నాడు. రిబ్బను అవతల, మైదానం చివర ఒక కొళాయి కనబడింది. బుగ్గలు పూరీల్లా ఉబ్బించుకుని, ముక్కుతో బుసలు కొడుతూ, ఆ కొళాయి కోసం పరిగెత్తాను. రిబ్బను ఎప్పుడు తగిలిందో నాకు తెలియదు. కొళాయి కింద నోరు కడుక్కుని చూసుకుంటే నడుముకు చుట్టుకుని ఉంది.

కుప్పం వాళ్ళు నాకు పంటినొప్పి అనుకున్నారట. మా నాయన మరచెంబు పైకెత్తి కనబడినవాళ్ళందరికీ చూపించాడు. "బలమంతా ఈడుండాది" అన్నాడు.

తిరుగు బస్సులో దాహమేసి, మిగిలిన నీళ్ళు ఆయనే నోట్లో పోసుకున్నాడు. బిడ్డ కోసం కలిపినవి కదా అని అంతవరకు ఒక్క చుక్క రుచి చూడలేదు. పోసుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. ఉమ్మడానికి కిటికీ వైపు తిరిగితే అక్కడ నేను కూర్చుని ఉన్నాను. కళ్ళు మూసుకుని మింగాడు.

తువ్వాలుతో మూతి తుడుచుకుని అడిగాడు. "విషం మాదిరి ఉండాదే మే. ఇన్నినాళ్ళూ యాల సెప్పలా?"

"సెప్పింటే పరుగు మాన్పించింటావు నాయనా."

ఆయన మరచెంబు మూత బిగించి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. పలమనేరు దాటాక నా వైపు తిరగకుండానే అన్నాడు.

"మల్లా తూరికి బెల్లమేసి ఎత్తుకొస్తాలే."