గేదెను ఏ పూట విప్పేరు?

కోనసీమ విడి జిల్లా అయిన మరుసటి ఏడాది వేసవిలో నేను అమలాపురంలో ఏటిగట్ల సబ్ డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ఉన్నాను. జలవనరుల శాఖలో మా హోదాను డీఈఈ అంటారు. పైన ఈఈకి జవాబు చెప్పుకోవాలి, కింద ఏఈల చేతా గట్టు కాపలా చూసే లస్కర్ల చేతా పని చేయించుకోవాలి, గట్టుకు ఏమైనా అయితే అందరి తరఫునా మాట పడాలి. గోదావరి పాయల వెంట ఉన్న మట్టిగట్లను కాపాడటం మా పని. వేసవిలో బలహీనపడిన చోట్లు చూసి మరమ్మతులు చేయిస్తాం, ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు సిద్ధం చేసుకుంటాం. జూలై వచ్చిందంటే వరద డ్యూటీ, ఇక ఇల్లూ వాకిలీ గుర్తుండవు. రిటైర్మెంటు దగ్గర పడుతోంది కాబట్టి ఆ వేసవైనా ప్రశాంతంగా గడిస్తే చాలనుకున్నాను.

అదిగో, అలాంటప్పుడే డిగ్రీ కాలేజీ చరిత్ర మాస్టారు మా ఆఫీసుకు వచ్చారు. డిగ్రీ పిల్లలు చదువులో భాగంగా వేసవిలో ఎక్కడో ఒకచోట చేరి పని నేర్చుకోవాలని నిబంధన ఉంది. బీకాం వాళ్లను ఆడిటర్లు తీసుకుంటున్నారు, బీఎస్సీ వాళ్లను రొయ్యల ల్యాబుల వాళ్లు రమ్మంటున్నారు. బీఏ వాళ్లను గుమ్మంలోకి రానిచ్చేవాళ్లే లేరు.

"మీరు కాదనకండి మేడం గారూ. బీఏ అంటే బీఈడీ చేసి టీచరవ్వడమే అనుకుంటున్నారండి మా పిల్లలు. ఇంకేం చెయ్యొచ్చో ఓసారి కళ్లారా చూడాలండి" అన్నారు మాస్టారు.

నాకు నవ్వొచ్చింది. "గట్టుకి గండి పడితే మీవాళ్లు రాజ్యాంగం చదివి వినిపిస్తారా ఏంటండీ?" అన్నాను. నా నోరు అలాంటిది, శాఖలో అందరికీ తెలుసు.

ఆయన నొచ్చుకోలేదు. "మీరు ఎంత చేసినా తెమలని సమస్య ఏదైనా ఉంటే అది వాళ్లకివ్వండి. చేతకాకపోతే పంపించేద్దురుగాని" అన్నారు. నిజానికి అలాంటి సమస్య ఒకటి నా దగ్గర ఉంది. అప్పటికి ఏడాదిగా అది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ముమ్మిడివరం వైపు ఒక లంక ఉంది. నది మధ్య మేట వేసిన నేల. కొబ్బరి, కూరగాయలు, పాడి, వాళ్ల బతుకంతా అదే. గట్టు వైపు నుంచి లంకలోకి వెళ్లడానికి ఒకటే దారి, పాయకు అడ్డంగా వేసిన తక్కువ ఎత్తు రోడ్డు. కాజ్‌వే అంటాం. వరద కాస్త పెరిగిందంటే ముందు మునిగేది అదే. అది మునిగాక మనుషులను పడవ మీద తీసుకురాగలం గాని గేదెలను తేలేం. ఈ సంగతి లంకలో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఏటా మనుషులూ పశువులూ లోపలే చిక్కుబడిపోతున్నారు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పది లక్షల క్యూసెక్కులు దాటగానే మొదటి హెచ్చరిక ఇస్తాం, పదమూడు దాటితే రెండోది, పదిహేడు దాటితే మూడోది. ఊరూరా మైకులో చెప్పిస్తాం, దండోరా వేయిస్తాం. "ఆయ్, అలాగేనండి" అంటారు ఎంతో మర్యాదగా. ఒక్కరూ కదలరు.

అంతకుముందు ఏడాది పెద్ద వరదలో సత్తెమ్మగారి ఇంటికి పడవ పంపింది నేనే. భర్త పోయాక రెండు గేదెలతో పాలు పోసుకుని బతుకుతున్న మనిషి ఆవిడ. పడవ వెళ్లేసరికి ఒక గేదె చచ్చిపోయి ఉంది. రెండోది కడుపు లోతు నీళ్లలో నిలబడి ఉంది. దాన్ని వదిలి రానని ఆవిడ దాని మెడ కావలించుకుని కూర్చుంది. మా లస్కర్లు బలవంతాన ఎత్తి పడవలో పడేశారు. ఆ రెండో గేదె ఎలాగో బతికింది. ఈ వేసవికి అది చూడితో ఉంది, వరద రోజుల్లోనే ఈనుతుంది. అదీ పోతే సత్తెమ్మగారికి ఇక జీవనాధారం లేదు.

మాస్టారు పంపినవాళ్లు ఇద్దరు. ప్రసాద్‌ది మలికిపురం, వాళ్ల నాన్న కొబ్బరి లారీ నడుపుతాడు. రాజనీతి శాస్త్రం ఇష్టమట, మాట్లాడటం అంతకంటే ఇష్టం. దుర్గది ఓడలరేవు, వేట కుటుంబం. ఆ పిల్ల మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేది. 'వీళ్లతో నేనేం చెయ్యను దేవుడా' అనుకుని, లంకకు వెళ్లి జనం ఎందుకు కదలడం లేదో కనుక్కుని రమ్మన్నాను.

ప్రసాద్ మొదటి వారంలోనే తేల్చేశాడు. "జనానికి అవగాహన లేదండి. సదస్సులు పెట్టాలండి" అన్నాడు. అవగాహన సదస్సులు పెట్టీ పెట్టీ నా జుట్టు నెరిసింది నాయనా అన్నాను. దుర్గ మాత్రం ఏమీ తేల్చలేదు. రోజూ బస్సు దిగి, ఆటో ఎక్కి, కాజ్‌వే మీద నడిచి లంకలోకి వెళ్లేది, సాయంత్రం తిరిగొచ్చేది. ఏం చేస్తున్నావమ్మా అంటే "కూర్చుంటున్నానండి" అనేది. ఒకరోజు ఇదేదో చూద్దామని నేనూ వెంట వెళ్లాను.

సత్తెమ్మగారు మమ్మల్ని చూడగానే పీట వేశారు. ఇల్లు చూపించి, "పోయినేడు వరద తీశాక అరుగు ఇంకా మెరక చేయించేనండి మేడం గారూ. ఈసారి గోదారమ్మ నా గుమ్మం ఎక్కాలంటే నిచ్చెన తెచ్చుకోవాలండి" అన్నారు గర్వంగా. లంకలో అందరిదీ అదే పద్ధతి. వరద వచ్చి వెళ్లినప్పుడల్లా అప్పో సప్పో చేసి ఇంటి నేల ఎత్తు పెంచుకుంటారు. మేం కూడా మెచ్చుకునేవాళ్లం, జాగ్రత్తపరులని.

అప్పుడు దుర్గ మెల్లగా అడిగింది. "పోయినేడు గేదెను ఏ పూట విప్పేరు పిన్నిగారూ?"

సత్తెమ్మగారి ముఖం మారిపోయింది. "విప్పలేదమ్మా. నీళ్లు అరుగు దగ్గరికి రాలేదు కదా, అప్పుడే ఎందుకులే అనుకున్నాను. వచ్చేసరికి దారి లేదు" అన్నారు.

"మీ పాత ఇల్లు, ఆ పల్లంలోది ఉన్నప్పుడో?"

"అప్పుడా? వాకిట్లో చెమ్మ కనబడగానే పశువుల్ని తోలుకుని గట్టెక్కేసేవోళ్లం. మావయ్యగారు తిట్టి మరీ పంపేసేవోరు."

తిరిగొచ్చేటప్పుడు దుర్గ చెప్పింది. అన్ని ఇళ్లలోనూ ఇదే ప్రశ్న అడిగిందట, అందరూ ఇదే చెప్పారట. ఇల్లు పల్లంలో ఉన్నప్పుడు ముందే బయల్దేరేవాళ్లు. ఇల్లు లేపుకున్న కొద్దీ ఆలస్యంగా బయల్దేరుతున్నారు. ఇల్లయితే పెరిగింది గాని కాజ్‌వే పెరగలేదు కదా. అరుగు దాకా నీళ్లొస్తే కదులుదామని వాళ్లు కూర్చుంటే, వెనకాల దారి మునిగిపోతోంది.

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. మా ఆఫీసులో కాజ్‌వే మట్టం ఉంది, ఇళ్ల మట్టాలున్నాయి, ఏ ఏడు నీళ్లు ఎంత వచ్చాయో ఉంది. జనం దేన్ని చూసి కదులుతున్నారో మాత్రం లేదు. ఈ ప్రశ్న నీకెలా తట్టిందే అని అడిగాను.

"మా ఊళ్లో తుఫాను అని మైకులో ఎంత అరిచినా ఎవరూ కదలరండి. పక్కింటోళ్లు పడవ పైకి లాగితే అప్పుడు మేమూ లాగుతామండి. అందుకని వీళ్లు ఏం చూస్తారో అడిగేనండి" అంది. అదేదో మామూలు సంగతన్నట్టు చెప్పింది.

ఆ మర్నాటి నుంచి పని మారిపోయింది. అరుగు కాకుండా ఇంకేదో చూసి జనం కదలాలి, అది రోజూ కళ్లబడేదై ఉండాలి. లంకలో అందరూ పూటకోసారైనా వెళ్లేది రేవుకే. స్నానాలు, బట్టలు, గేదెలను కడగడం అన్నీ అక్కడే. మా ఏఈ చేత లెవెలింగ్ పరికరం తెప్పించాను. అంటే రెండు చోట్ల ఎత్తుల తేడా చూపించే దుర్భిణి లాంటిది. కొలబద్ద పట్టుకుని రేవుకూ కాజ్‌వేకూ మధ్య ఆ పిల్లలిద్దరూ ఎండలో తిరిగారు. రేవు మెట్లలో, కాజ్‌వే మునిగేలోపు పశువులను తోలుకుని దాటడానికి చాలినంత వ్యవధి ఉండగానే మునిగే మెట్టు ఏదో తేల్చాం. ఎర్ర రంగు డబ్బా తెచ్చి ప్రసాద్ దాని మీద 'ప్రమాద సూచిక' అని రాయబోయాడు.

"ప్రమాదమంటే మళ్లీ ఎవరి అరుగు వాళ్లు చూసుకుంటారు. చెయ్యాల్సిన పని రాయి" అంది దుర్గ. చివరికి రాసింది ఇది: ఈ మెట్టు మునిగితే గేదెను విప్పండి.

ప్రసాద్ తక్కువ తినలేదు. విప్పిన గేదెను ఎక్కడ కట్టాలి అని అతనే అడిగాడు. సర్పంచి గారి దగ్గరికీ, హైస్కూలు హెడ్‌మాస్టారి దగ్గరికీ, పశువుల డాక్టరు గారి దగ్గరికీ తిరిగి తిరిగి గట్టు ఇవతల స్కూలు గ్రౌండు ఇప్పించాడు, ఎండుగడ్డి మాట్లాడాడు, పంచాయతీ చేత తీర్మానం చేయించాడు. నేను మాస్టారికి ఫోను చేసి, మీవాడు నిజంగానే రాజ్యాంగం చదివి వినిపించాడండోయ్ అని చెప్పాను.

జూలై ఆఖరుకు భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని కబురొచ్చింది. మొదటి హెచ్చరిక జారీ అయ్యే రోజు పొద్దున్నే నేను కాజ్‌వే మొగలో గట్టు మీద ఉన్నాను. పిల్లల శిక్షణ ఎప్పుడో అయిపోయింది. అయినా ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. గోదావరి వరద తమాషా అది, వాన ఎక్కడో పైన పడుతుంది, మనకు ఇక్కడ ఎండ కాస్తుంటుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కాజ్‌వే పొడిగా ఉంది. ఈ ఎండలో ఎవరు కదులుతారని నా భయం.

అప్పుడు అవతల కొబ్బరితోటల్లోంచి దుమ్ము లేచింది. ముందు ఒక గేదె, వెనక రెండు, ఆ వెనక మంద. ఆడవాళ్ల నెత్తిన మూటలు, మగవాళ్ల భుజాన పిల్లలు. ఎవరూ అరవడం లేదు, పరుగెత్తడం లేదు. ఇంకా రాని నీటికి దారి ఇచ్చి, ఎండలో, ఊరికి ఊరే నడిచి వస్తోంది. ఇన్నేళ్ల సర్వీసులో వరద నుంచి జనాన్ని లాక్కురావడమే చూశాను గాని, వాళ్లంతట వాళ్లు వరద కంటే ముందు రావడం ఎన్నడూ చూడలేదు. పక్కన మా లస్కరు చేతులు జోడించాడు. ఎవరికి జోడించాడో నేను అడగలేదు.

మంద అంతా దాటింది. సత్తెమ్మగారు రాలేదు.

కాజ్‌వే అంచును నీళ్లు తాకుతున్నాయి. ప్రసాద్ లోపలికి పరుగెత్తబోతే దుర్గ చెయ్యి పట్టుకుని ఆపింది. "మనం వెళ్లి తీసుకొస్తే పైయేడు కూడా మన కోసమే చూస్తారు" అంది. నాకు ఒళ్లు మండింది. "నీ చదువు తగలెయ్య! అక్కడ మనిషి ప్రాణమే" అని కసిరి పడవ దింపమన్నాను. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ నిలబడింది గాని కళ్లు అవతలి ఒడ్డు నుంచి తిప్పలేదు.

పడవ తాడు విప్పుతుండగానే ఆవిడ కనబడ్డారు. నిండు చూడి గేదె, అడుగు తీసి అడుగు వేస్తోంది. దాని గిట్టల మీదుగా నీళ్లు పారుతున్నాయి. ఆవిడ పలుపు పట్టుకుని దానితో ఏదో కబుర్లు చెబుతూ, ఎక్కడా తొందర పెట్టకుండా, ఇవతలికి వచ్చారు.

"ఇంత ఆలస్యమేంటండీ సత్తెమ్మగారూ!" అని అరిచాను.

"తెల్లారకుండా రేవులో కూర్చున్నానండి. మెట్టు మునగ్గానే గడపగడపకీ వెళ్లి చెప్పొచ్చేను. ఇదేమో గబగబా నడవలేదు కదండీ. దీన్ని ముందు కాజ్‌వే ఎక్కిస్తే వెనకాలోళ్లందరికీ అడ్డం. అందుకని ఆఖర్ని వచ్చేను" అన్నారు. తర్వాత దుర్గ వైపు తిరిగి, "నువ్వడిగేవు కదమ్మా, ఏ పూట విప్పేరని. ఈ పూటే విప్పేను" అన్నారు.

దుర్గ భోరుమంది. నేనూ ముఖం అటు తిప్పుకున్నాను. ఆ సాయంత్రానికి కాజ్‌వే ఉన్న జాడే లేదు. మర్నాడు రెండో హెచ్చరిక వచ్చేసరికి లంకలో ఒక్క గేదె కూడా లేదు. స్కూలు గ్రౌండులో సత్తెమ్మగారి గేదె పెయ్యను ఈనింది.

నీరు తీశాక దుర్గ ఆఫీసుకు వచ్చి, "మనం చేసిన పనికి మీ శాఖలో పోస్టు ఉందాండీ మేడం గారూ?" అని అడిగింది. నీటిమట్టం చదివేవాడికి పోస్టు ఉంది, గట్టు మీద కాపలా తిరిగేవాడికి ఉంది, అంచనాలు వేసేవాడికి ఉంది. లేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. "ఎక్కడుందో వెతుక్కుంటానండి" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత సోషల్ వర్క్‌లో ఎంఏ చేసి, ఇప్పుడు వరద ఊళ్లలో హెచ్చరికల పని చేసే సంస్థలో ఉంది. ప్రసాద్ గ్రూప్ టూ రాస్తున్నాడు, పంచాయతీరాజ్‌లోకే వెళతానంటాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. నీళ్లు ఎప్పుడు, ఎంత ఎత్తుకు వస్తాయో ఇంజనీర్లు లెక్క కట్టగలరు. మనిషి దేన్ని చూసి ఇల్లు కదులుతాడో ఆ మనిషినే అడగాలి. అలా అడగడం ఒక పని, దానికి చదువు కావాలి, ఓపిక కావాలి. రిటైరైన రోజున నా తర్వాత వచ్చిన డీఈఈకి చార్జి అప్పగిస్తూ, వేసవికి ఇసుక బస్తాలు, సరుగుడు బాదులతో పాటు ఇద్దరు బీఏ పిల్లలను కూడా తెప్పించుకోమని చెప్పాను. ఆయన నవ్వారు. తమాషాకి అనడం లేదని మళ్లీ చెప్పాను.