పెట్టెలో దాచిన చెవి

పోయిన ఆదివారం పొద్దున ఫోన్ మోగితే మా బిడ్డే ఎత్తింది. "అమ్మా, మన మేడం పోయిందంట" అని ఏడ్చింది. పుట్టుచెవిటి పిల్ల ఫోన్‌లో కబురు వినగలిగిందంటే అది ఆ మేడం చలవే. ఆ చెవులతో ఈ మాట వినాల్సి వచ్చిందే!

మాది గోపాల్‌పేట దగ్గర మెట్ట సేద్యం. ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో పిల్లకు హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి, తల లోపల ఒక పరికరం అమర్చారు. చెవి వెనక బయటి మిషిన్ పెడితేనే వినబడుతుంది, తీస్తే మళ్లీ చెవుడే. వినడం, మాట్లాడడం నేర్పించే మేడం వనపర్తిలో ఉండేవారు. సొంతూరు గద్వాల. మనిషి పొట్టి, పట్టు మాత్రం ఉడుంపట్టు.

నెలలు గడిచినా పిల్ల ఒక్క మాట పలకలేదు. ఒకరోజు మేడం చెప్పాపెట్టకుండా మా ఇంటికే వచ్చేశారు. పిల్ల వాకిట్లో ఆడుకుంటోంది. చెవి వెనక ఏమీ లేదు.

"మిషినేది?"

మా అత్తమ్మ లోపలికి వెళ్లి, ఇనప్పెట్టె తాళం తీసి, పట్టుచీర మడతల్లోంచి మిషిన్ తెచ్చి గర్వంగా చూపించింది. "భద్రంగనే ఉందమ్మా. దుమ్ముల ఆడుతది, పాడైతే మల్ల యాడ తెస్తం? నీ దగ్గరికొచ్చినప్పుడు, పెండ్లిళ్లకు పోయినప్పుడు పెడ్తనే ఉన్నం."

అట్లా దాచొద్దని నేను చెప్పి చెప్పి అలసిపోయాను. మేడం మాత్రం భగ్గుమన్నారు. "బువ్వ గూడ పెండ్లిళ్లకు పోయినప్పుడే పెడ్తున్నరా? కడుపుకు బువ్వ ఎట్లనో చెవికి మాట గట్లనమ్మా! ఈ వయసు దాటితే మల్ల మాట రాదు. పాడైతే నేను జూస్కుంట. పండుకునేటప్పుడు, తానం చేసేటప్పుడు తప్ప తియ్యొద్దు."

అత్తమ్మ మొహం మాడ్చుకుంది. మేడం వదిలితేనా! వీలు చిక్కినప్పుడల్లా వచ్చి, పొయ్యి దగ్గర ఆమె పక్కనే పీట వేసుకునేవారు. "రొట్టె కొట్టు, మాట్లాడుకుంట కొట్టు" అనేవారు. పిల్ల పెదాలు చూసి పోల్చుకోకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకోమనేవారు. "ఈమెకేం పని లేదా ఏంది" అని గొణుగుతూనే అత్తమ్మ పిండి, నీళ్లు, మంట అంటూ పిల్లతో మాట్లాడేది. "నాతోని కాదు మేడం, పలుకుతలేదు" అని నేను ఏడిస్తే, "ఏడుపు తర్వాత. ముందు మాట్లాడు" అన్నారు. అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఒక సాయంత్రం మేడం బయల్దేరి చెప్పులు వేసుకుంటున్నారు. అత్తమ్మ అటు తిరిగి పల్లికాయ ఒలుస్తోంది. పిల్ల వెనక నుంచి, "అవ్వా" అంది.

అత్తమ్మ చేతులు ఆగిపోయాయి. తిరగలేదు, పలకలేదు.

"అవ్వా!" పిల్ల ఇంకాస్త గట్టిగా పిలిచింది. అత్తమ్మ వినపడనట్టే కూర్చుంది. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి.

"అవ్వా! అవ్వా!"

ఒక కాలికే చెప్పుతో మేడం గడపలో నిలబడిపోయారు.

"పలుకమ్మా... ఎంతసేపు పిలిపించుకుంటవు?"